లేపొద్దనుకున్న ఫైలు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో మా క్లయింటు బతకడు. చివర్లో హైకోర్టు నుంచి ఏదో ఆర్డరు వచ్చి గట్టెక్కుతాడని ఆశపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి, నేనేమీ అనుకోను. మొన్నామధ్య కోర్టు క్యాంటీన్లో కుర్ర గుమాస్తాలు చుట్టూ చేరి, "కాకా, నీ సర్వీసుల గెలిచిన పెద్ద కేసు ఒకటి చెప్పరాదే" అన్నారు. గెలిచినవన్నీ మర్చిపోయానంటే నవ్వారు. ఒట్టేసి చెబుతున్నాను, ఒక్కటీ గుర్తు లేదు. భూమి తగాదాలు, గట్ల పంచాయతీలు, అన్నదమ్ముల వాటాలు, అన్నీ కొట్టుకుపోయాయి. ఓడిపోయింది ఒక్కటి మాత్రం పోనంటోంది. మీకు అదే చెబుతాను.

నేను నిజామాబాద్ కోర్టులో వకీలు గుమాస్తాను. ఉద్యోగమంతా ఒకే వకీలు దగ్గర గడిచింది. గుమాస్తా అంటే నల్లకోటు వెనక కట్టలు మోసేవాడు అనుకుంటారు జనం. కట్టలు మోయడం చేతులున్న ఎవడైనా చేస్తాడు. గుమాస్తా అసలు పనితనం రెండింట్లో ఉంటుంది: కదలని ఫైలును కదిలించడం, కదిలే ఫైలును పడుకోబెట్టడం. మొదటిది కొత్తవాళ్ళు కూడా నేర్చుకుంటారు. రెండోదానికి అనుభవం కావాలి. ఏ గుమాస్తాతో ఎప్పుడు చాయ్ తాగాలి, ఏ బల్ల దగ్గర అసలు కనపడకూడదు, ఎవరికి గుర్తు చేయకూడదు, ఇదంతా ఒక విద్య. అందరూ మరిచిపోయిన కేసును మించిన బెయిలు లేదని మా కోర్టులో పాతవాళ్ళ నమ్మకం. అది ఉత్త నమ్మకం కూడా కాదు. ఫైలు నిద్రపోయి ముద్దాయిలు ఇంటిదగ్గర ముసలివాళ్ళయిపోయిన కేసులు మా కళ్ళముందే ఉన్నాయి.

మా వకీల్ సాబ్ ఈ విద్యలో ఉస్తాద్. ఉర్దూ మీడియంలో చదివిన పాతకాలం మనిషి. నోట్లో పాన్ లేకుండా నేను ఆయన్ని చూసింది కోర్టు హాల్లోనే. అరిచి వాదించేవారు కాదు. "అరిస్తే జడ్జికి మనం యాదికుంటం, యాదికుంటే మన కేసు పిలుస్తడు" అనేవారు. ఆయన దగ్గర ఒక జూనియర్ ఉండేది, హైదరాబాదులో చదువుకొని వచ్చిన అమ్మాయి. చట్టం పుస్తకాన్ని అక్షరం అక్షరం నమ్మే వయసు. ఇద్దరికీ ఒక్క పూట పడేది కాదు. ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారూ కాదు.

తొంభైల నడుమ, చెరుకు సీజన్ జోరు మీదున్న రోజుల్లో ఒక ఆడమనిషి, వెంట ముసలి అత్త, మా ఆఫీసు మెట్లెక్కారు. బోధన్ పక్క పల్లెవాళ్ళు. మెథడిస్టు క్రైస్తవులు. ఆమె బీడీలు చేస్తుందని వేళ్ళు చూస్తేనే తెలిసింది, తంబాకు పసుపు గోళ్ళలోకి దిగిపోయి ఉంది. పుట్టిల్లు మోర్తాడ్ వైపు. భర్తను పోలీసులు పట్టుకుపోయారు.

"ఏం చేసిండమ్మా?" అన్నారు వకీల్ సాబ్.

"ఏం చెయ్యలే సాబ్. ఫ్యాక్టరీ కాంటా కాడ లైన్ల ట్రాక్టర్ పెట్టుకొని కూసున్నడు. ఆడికే అచ్చిండ్రు. ఏందో దేశం నుంచి కాయితం అచ్చిందట. దుబాయ్‌ల మనిషిని చంపిండట."

దుబాయ్ కాదు. మా దగ్గర ఎవరు ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు. ఇది తూర్పు వైపు సముద్రం అవతల ఉన్న దేశం, పేరు ఇప్పుడెందుకు, మనలాగే ఒకప్పుడు తెల్లదొరల కింద ఉన్నదే. అక్కడ బిల్డింగుల పనికి పోయి, కాంట్రాక్టు ముగిసి ఇంటికొచ్చి ఏడాది దాటింది. ఊళ్ళో ఒక ఆసామి ట్రాక్టరు తోలుకుంటున్నాడు. అరెస్టు చేసిన హెడ్ కానిస్టేబులు మాకు తెలిసినవాడే, తర్వాత ఒకనాడు చెప్పాడు: "జీపెక్కు అంటే, సాబ్, జర లోడు కాంటా అయ్యేదాకా ఆగుండ్రి, ఇప్పుడు లైన్ల నుంచి తీస్తే మా పటేల్‌కు మల్ల నంబర్ దొర్కది అన్నడు. మేం గూడ ఆగినం. చెరుకు తూకమయినంక తాళంచెవి కాంటా గుమాస్తాకిచ్చి అచ్చి జీపెక్కిండు." ఇట్లాంటి మనిషిని చట్టం 'పారిపోయిన నేరస్థుడు' అంటుంది. నేరం రుజువు కాకముందే చట్టంలో ఆ పేరే రాసి ఉంది. ఆ మాట జూనియరమ్మ చదివి వినిపిస్తే ఆ భార్య కోపానికి వచ్చింది.

"పారిపోయిండు అంటరేంది? కాంట్రాక్టు అయినంక కంపెనోళ్ళే టికెట్ ఇచ్చి తోలిండ్రు. అందరికీ దండం పెట్టి మరీ అచ్చిండు."

అప్పగింత చట్టం అంటే ఏమిటో అంతవరకు మా కోర్టులో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. ఒకే రాజు కింద ఉన్న దేశాలు, ఒక చోట నేరం చేసి ఇంకో చోటికి పోయినవాణ్ణి పట్టుకొని ఒకరికొకరు అప్పగించుకోవడానికి తెల్లదొరలు రాసుకున్న ఏర్పాటు అది. రాజు పోయాడు, మనవాళ్ళు దాన్ని మళ్ళీ రాసుకున్నారు, పైన పేరు మార్చారు, లోపలి ఎముకలు అవే. ఢిల్లీ నుంచి ఉత్తర్వు వస్తే ఇక్కడి మేజిస్ట్రేటు విచారణ చేస్తాడు. విచారణ అంటే నేరం చేశాడా లేదా అని కాదు. అవతలి దేశం పంపిన కాగితాలు చూస్తే కేసు నడపదగ్గదేనా కాదా, అంతవరకే. సాక్షులు రానక్కర్లేదు. అక్కడ వాళ్ళిచ్చిన వాంగ్మూలాల మీద ముద్రలు సరిగా ఉంటే చాలు. ముద్రను క్రాస్ ఎగ్జామిన్ చేయడం మా వకీల్ సాబ్‌కు కూడా రాదు.

జైల్లో ములాఖత్‌కు వెళ్ళి అడిగితే అతను చెప్పింది ఇది.

కూలీల క్వార్టర్లలో వీళ్ళ జిల్లావాళ్ళంతా ఒకే గదిలో ఉండేవారట. ఇతను, ఇతని బామ్మర్ది, అంటే భార్య తమ్ముడు, ఇంకా కొందరు. ఒక సాయంత్రం నల్లా దగ్గర స్నానాల వరసలో బామ్మర్దికీ వేరే ఊరివాడికీ లొల్లి అయింది. బామ్మర్ది నూకాడు, అవతలివాడు మెట్టు మీద పడ్డాడు, తల పగిలింది. దవాఖానాకు తీసుకుపోతే కట్టు కట్టారు, మనిషి మాట్లాడుతున్నాడు, తోపులాటలో ఎవరు నూకారో తనకు తెలియదన్నాడట. మర్నాడే ఇతని విమానం. ఆ రాత్రి గదిలోవాళ్ళు మన ఊళ్ళల్లో లాగే పంచాయతీ పెట్టుకున్నారు.

"పెద్దమనుషులు అన్నరు సాబ్, గిది దెబ్బల కేసు, పోలీసోళ్ళు అడిగితే ఎవలదో ఒకలది పేరు చెప్పాలె. ఈడ ఉండేటోని పేరు చెప్తే వాని పని పోతది, వాపస్ తోలుతరు. నువ్వు ఎట్లనన్న పోతున్నవ్, విమానమెక్కినంక నిన్నెవలు అడుగుతరు అన్నరు. సరే, నా పేరే చెప్పుండ్రి అన్న."

"అన్నవా?" వకీల్ సాబ్ పాన్ నమలడం ఆపేశారు.

"అన్న సాబ్. నేను బోధన్‌ల దిగినంక దెబ్బల కేసుకు ఎవలస్తరు? గంత దూరం."

అతను ఇల్లు చేరిన కొద్దిరోజులకు దవాఖానాలో ఆ మనిషి చచ్చిపోయాడు. దెబ్బల కేసు ఖూనీ కేసు అయింది. వాంగ్మూలాలు అప్పటికే ఇచ్చేశారు, అందరూ ఒకే మాట, ఒకే పేరు. ఇప్పుడు మాట మారిస్తే అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు వాళ్ళు లోపలికి పోతారు, బామ్మర్ది ఉరికి పోతాడు. ఆ దేశంలో ఖూనీకి ఉరే.

"అరే పాగల్! బుద్ధి ఉన్నదారా నీకు?" అన్నారు వకీల్ సాబ్. ఆయన క్లయింటును తిట్టగా నేను విన్నది అప్పుడే. "ఇప్పుడు చెప్పు. ఎవరు నూకిండో అక్కడ పోయి చెప్పు."

"చెప్పను సాబ్. వానికి ఇంకా పెండ్లి గూడ గాలే."

ఆ మేజిస్ట్రేటు మంచివాడు. ఇప్పటికీ అంటాను, మంచివాడే. తలెత్తకుండా కాగితాలు చదివి, వకీల్ సాబ్ చెప్పినదంతా ఓపిగ్గా విని, "ఇతను అమాయకుడు అయుండొచ్చు. అది తేల్చే అధికారం నాకు లేదు" అని ఒప్పేసుకున్నాడు. అప్పగింతకు పనికివచ్చే కేసేనని రాసి, ఢిల్లీ తుది ఉత్తర్వు వచ్చేదాకా నిజామాబాద్ జైల్లోనే ఉంచమన్నాడు. ఆ భార్య ఆర్డరు మొత్తం నిలబడి వింది. తర్వాత నన్ను అడిగింది, "అన్నా, జడ్జి అయ్య మా ఆయిన తప్పు జేసిండని అన్నడా, జెయ్యలేదని అన్నడా?" అని. రెండూ అనలేదు చెల్లె అన్నాను. "మరి ఇంతసేపు ఏం జదివిండు?" అంది. 

ఇక్కడికి వచ్చేసరికి జూనియరమ్మ చట్టం పుస్తకంలో ఒక ముక్క పట్టుకుంది. జైలుకు పంపిన నాటి నుంచి రెండు నెలల్లోపు మనిషిని దేశం దాటించకపోతే, విడిచిపెట్టమని హైకోర్టును అడగొచ్చు. తగిన కారణం చూపిస్తే తప్ప సర్కారు అతన్ని పట్టుకొని కూర్చోవడానికి లేదు. తెల్లదొర రాసినదాంట్లో కూడా ఎక్కడో ఒక కిటికీ ఉంది. మేము రోజూ భయపడుతూ ఎదురుచూశాం. ఢిల్లీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండు నెలలు నిండాయి. ఎవరూ రాలేదు.

జూనియరమ్మ అర్జీ టైపు చేయించి తెచ్చి వకీల్ సాబ్ బల్ల మీద పెట్టింది. ముఖం వెలిగిపోతోంది. ఆయన చదివి, మడిచి, పక్కన పెట్టారు.

"అర్జీ బాగ రాసినవ్ బిడ్డా. కానీ వెయ్యం."

"ఎందుకు సర్?"

"ఢిల్లీల ఆ ఫైలు పడుకుంది. ఇప్పుడు నువ్వు ఇది వేస్తివనుకో, హైకోర్టు వాళ్ళకు నోటీసు పంపుతది. ఎందుకు ఇంకా తీసుకపోలేదని అడుగుతది. వాళ్ళు లేస్తరు. ఫైలు దులుపుతరు. తగిన కారణం ఉన్నదని ఏదో ఒకటి చెప్పి వారం దినాల్ల బండి పంపుతరు. ఇప్పుడేమైంది? మనిషి ఈడనే ఉన్నడు. పెండ్లాం వచ్చి చూస్తున్నది. పిలగాడు ప్రాణంతో ఉన్నడు. లేపకు."

"సర్, ఇది మన సివిల్ దావా కాదు. ఆ మనిషి జైల్లో ఉన్నాడు."

"జైల్ల ఉన్నడు. ఉరి మీద లేడు కదా?"

ఆమె నా వైపు చూసింది. నేను ఆయన మాటే సరైందన్నాను. క్యాంటీన్లో పాత గుమాస్తాలను అడిగితే వాళ్ళూ అదే అన్నారు. జైలు జమేదారు కూడా "సాబ్ చెప్పింది రైట్, గట్లనే ఉండనియ్యి" అన్నాడు. చివరికి ఆ భార్యాభర్తలనే అడుగుదామని ములాఖత్‌లో కూర్చోబెట్టి రెండు వైపులా విప్పి చెప్పాం. భార్య భర్తను చూసింది.

"నువ్వేమంటవ్?" అన్నాడతను.

"నాకు కండ్ల ముంగట కనవడుతున్నవ్ గదా," అంది ఆమె. "లేపద్దు."

అతను తలూపాడు. అలా మేమందరం కలిసి, ఎవరి బుద్ధికి తోచినట్టు వాళ్ళం ఆలోచించే, ఆ కిటికీ మూసేశాం. అక్కడ గదిలోవాళ్ళు దూరాన్ని నమ్ముకున్నారు. ఇక్కడ మేము మరుపును నమ్ముకున్నాం. ఆ పంచాయతీ పెద్దమనుషుల్ని పాగల్ అని తిట్టిన వకీల్ సాబ్‌కూ నాకూ ఆ పోలిక అప్పుడు తట్టలేదు.

తర్వాత గడిచిన నెలలు, చెబితే నమ్మరు, ఒక రకంగా సుఖంగానే గడిచాయి. ఆమె అత్తను వెంటబెట్టుకొని వచ్చి కంఠేశ్వర్‌లో ఒక గది తీసుకుంది. చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేసేది, ములాఖత్ దినం టిఫిన్ డబ్బా పట్టుకొని జైలుకు నడిచిపోయేది. జైల్లో అతను కూరగాయల మడులకు నీళ్ళు పెట్టేవాడు. ఒకసారి సూపరింటెండెంటు ఇంటికి పోయే వంకాయలు ఈయన పండించినవే అని జమేదారు నవ్వుతూ చెప్పాడు. క్రిస్మస్‌కు పాస్టరయ్య లోపలికి పోయి ప్రార్థన చేసి కేకు ముక్కలు పంచి వచ్చాడు. మేము ఢిల్లీ పేరు పలకడం మానేశాం. వకీల్ సాబ్ నన్ను చూసి కన్ను గీటి, "పడుకున్నదా?" అనేవారు. "గుర్రు పెడుతోంది సాబ్" అనేవాణ్ణి. జూనియరమ్మ ఆ మాట వినలేక లేచి వెళ్ళిపోయేది. ఆమె టైపు చేయించిన అర్జీ బల్ల సొరుగులోనే ఉండేది.

ఆ మరుసటి వానాకాలంలో అతని ముసలితల్లి పోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. శవాన్ని ఊరికి తీసుకుపోయారు. కోడలు మాత్రం పొద్దున్నే తిన్నగా మా ఆఫీసుకు వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఒక్క పూట సాబ్. మట్టి వోసి వాపస్ వస్తడు. బేడీలేసి తోలుకపోయినా మంచిదే. ఒక్క కొడుకు. అవ్వ మొకం సూపియ్యిండ్రి."

వకీల్ సాబ్ కళ్ళు తుడుచుకున్నారు. ఆయన తల్లి పోయి అప్పటికి ఏడాది కాలేదు. "తల్లి చావు. దీన్ని ఎవడు కాదంటడు?" అంటూ తనే కాగితం తీసుకొని రాయడం మొదలుపెట్టారు. జూనియరమ్మ నెమ్మదిగా అంది:

"సర్, ఇది వేస్తే మాత్రం ఫైలు లేవదా? ఎట్లాగూ వేస్తున్నాం కదా, విడుదల అర్జీ కూడా ఈ రోజే హైదరాబాద్ తీసుకెళ్తాను."

"ఛీ ఛీ, ఇది చిన్నది బిడ్డా. మట్టి పోసే ముచ్చట. ఇది ఈడ మేజిస్ట్రేటు దగ్గరనే అయిపోతది. దీన్నీ దాన్నీ కలపకు."

అదే. మేము వేసిన ఒకే ఒక్క అర్జీ అది. మనిషి విడుదల కోసం లేపడానికి భయపడ్డవాళ్ళం, ఒక పూట మట్టి కోసం లేపాం. భయం కూడా వేయలేదు. చావు దగ్గర చట్టం తలవంచుతుందని మా ఊళ్ళలో అందరం అనుకుంటాం. పెళ్ళికి వాయిదా ఇవ్వని జడ్జి చావుకు ఇస్తాడు. అది మాకు తెలిసిన లోకం.

మేజిస్ట్రేటు అర్జీ చదివి ఇబ్బందిపడ్డాడు. "ఇతను ఇప్పుడు నా చేతిలో లేడు. కేంద్రం ఉత్తర్వు కోసం ఉన్న మనిషి. నేను గేటు దాటించలేను" అన్నాడు. అని ఊరుకుంటే సరిపోయేది. మంచివాడని చెప్పాను కదా. అక్కడికక్కడే పై వాళ్ళకు ఒక సిఫారసు రాసి, తల్లి అంత్యక్రియలు, అత్యవసరం అని పైన పెట్టి, హైదరాబాదుకూ ఢిల్లీకీ ఫ్యాక్స్ చేయించాడు. ఆ దయ చూసి నేనే రెండు చేతులెత్తి దండం పెట్టాను.

ఊళ్ళో సాయంత్రం దాకా శవాన్ని ఉంచారు. వాన పడుతోంది. ఇక ఆగలేమని పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. కొడుకు పోయాల్సిన మట్టి కోడలు పోసింది. ఫ్యాక్స్‌కు జవాబు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వచ్చినప్పుడు అందులో తల్లి మాట లేదు. 'సదరు నేరస్థుణ్ణి ఇంకా అప్పగించకపోవడం గమనించాం, తదుపరి చర్య తీసుకుంటున్నాం' అని ఉంది.

కొన్ని వారాలకే అప్పగింత వారంటు వచ్చింది.

అప్పుడు జూనియరమ్మ ఎవర్నీ అడగలేదు. సొరుగులో అర్జీ తీసి, తారీకు మార్చి, పొద్దున బస్సుకు హైదరాబాదు వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. హైకోర్టులో సర్కారు వకీలు లేచి, ఉత్తర్వు అయిపోయింది, మనిషి వారంలో వెళ్ళిపోతున్నాడు అన్నాడు. జడ్జిగారు మావైపు తిరిగి ఒకే ప్రశ్న అడిగారు: "రెండు నెలల తర్వాత హక్కు వచ్చింది సరే, ఇన్ని నెలలూ మీరేం చేస్తున్నారమ్మా?"

ఆ అమ్మాయి ఏమంటుంది? ఫైలును జోకొడుతున్నాం మైలార్డ్ అంటుందా? అర్జీ కొట్టేశారు. తిరుగు బస్సులో కామారెడ్డి దాటేదాకా ఆమె కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. నాకు ఓదార్చే ముఖం లేదు. ఈ సంగతి విన్నాక వకీల్ సాబ్ మూడు రోజులు ఆఫీసుకు రాలేదు. పాన్ మానేశారని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికారు గానీ ఏ ఫైలు గురించీ నాతో పడుకున్నదా అనలేదు.

మీరు అడగొచ్చు, ఆ రెండు నెలలు నిండిన రోజే అర్జీ వేస్తే విడిచేవారా అని. తెలియదు. విడిచేవారేమో. వకీల్ సాబ్ చెప్పినట్టు అప్పుడే లేచి అప్పుడే పట్టుకుపోయేవారేమో. జూనియరమ్మ ఇప్పుడు పెద్ద లాయరు, ఆమె కూడా తెలియదనే అంటుంది. తెలిస్తే కొంత బాగుండేది. తప్పో ఒప్పో తేలితే మనిషి దాన్ని మోసుకొని ఎక్కడో ఒకచోట దించుకుంటాడు. దీన్ని దించే చోటు లేదు.

చివరి ములాఖత్‌కు భార్య నన్ను రమ్మంది. అతను సన్నబడ్డాడు గానీ స్థిమితంగా ఉన్నాడు. వంకాయ మడికి నీళ్ళు పెట్టమని ఇంకొకడికి చెప్పి వచ్చానన్నాడు. కాసేపు ఏవేవో మాట్లాడి, నా వైపు తిరిగాడు.

"అన్నా, నాకొక్క పని చెయ్యాలె. మా బామ్మర్దికి ఫోన్ చెయ్యి. నేను ఆడికి వోయినంక కోర్టుకు రావద్దని చెప్పు. జైలుకు గూడ రావద్దు. నా మొకం జూస్తే వాడు ఆగడు, నోరు ఇప్పుతడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. జైలని కూడా చూడకుండా అరిచాను. "ఇప్పితే ఇప్పనియ్యి! చేసినోడు వాడు. నీకేం పట్టింది? ఈమెకేం పట్టింది?"

అతను భార్య వైపు చూడకుండా అన్నాడు: "చెప్తే ఏమైతది అన్నా? నన్ను ఇడిసి వాన్ని గుంజుకపోతరు. నేను ఇంటికొస్త. ఈమె నాకు బువ్వ వెట్టినప్పుడల్ల తమ్మున్ని యాది జేసుకుంటది. ఆ బువ్వ నేనెట్ల తినాలె? ఈమె ఎట్ల వెట్టాలె? వాన్ని ఈమెనే ఎత్తుకొని పెంచింది. ఇగ నువ్వు గట్టిగ అనకు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.  అవునని గానీ కాదని గానీ అనలేదు.

మర్నాడు పొద్దున ఢిల్లీ అధికారులు, ఎస్కార్టు వచ్చి అతన్ని తీసుకుపోయారు. జీపెక్కేముందు అతను జైలు జమేదారు చేయి పట్టుకొని ఏదో చెప్పాడు. ఏమన్నాడని అడిగితే, మళ్ళీ ఆ వంకాయ మడి సంగతే అన్నాడు జమేదారు. అంతే, ఇక మేమెవ్వరం అతన్ని చూడలేదు. ఆ దేశంలో కేసు ఎక్కువ కాలం నడవలేదు. గదిలోవాళ్ళు చెప్పిన మాటే చెప్పారు, ఇతను కాదనలేదు. ఉరితీశారు. బామ్మర్ది కోర్టుకు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పి ముగిస్తాను. అతన్ని తీసుకుపోయిన రోజు సాయంత్రమే మేమిద్దరం కంఠేశ్వర్‌లో దవాఖానా పక్కనున్న ఫోన్ బూతుకు పోయాం. క్వార్టర్ల నంబరు ఆమెకు నోటికి వచ్చు. అక్కడి వాచ్‌మన్ పిలుచుకొచ్చేదాకా ఆగాం. అద్దాల డబ్బా లాంటి గది, ఇద్దరం ఇరుక్కొని నిలబడ్డాం. బయట ఆటోల మోత. ఆ మోతలో కూడా రిసీవర్లోంచి వాడి గొంతు ఇద్దరికీ వినపడుతోంది.

నేను చెప్పాల్సింది చెప్పకముందే వాడు మొదలుపెట్టాడు. "అన్నా, ఊరోళ్ళు ఫోన్ జేసి చెప్పిండ్రు, బావను తీస్కపోయిండ్రట గదా. ఇగ నాతోని గాదే. నేను చెప్పేస్త. పొద్దున్నే పోలీస్ ఠాణాకు వోయి చెప్పేస్త."

బావ రావద్దన్నాడని చెప్పాను. ఆయన అన్న మాటలు అన్నట్టే చెప్పాను. నా మాటగా ఏమీ కలపలేదు. వాడు అంతా విన్నాడు. తర్వాత, "అక్కకియ్యి అన్నా" అన్నాడు.

ఆమె రిసీవరు అందుకుంది.

"అక్కా," వాడు ఏడుస్తున్నాడు. "బావ మాట కాదు. నువ్వు చెప్పు. పోవాల్నా, వద్దా? నువ్వేది చెప్తే గదే చేస్త."

ఆమె కళ్ళు మూసుకుంది. పోరా అంటుందనుకున్నాను. అనాలని మనసులో దేవుళ్ళందరికీ మొక్కాను. ఆమె పెదవులు రెండుసార్లు కదిలాయి. అవతల వాడు "అక్కా, అక్కా" అంటూనే ఉన్నాడు.

"తిన్నవారా?" అంది.